లాంగ్ వీకెండ్ చూస్కుని వేటకి బయల్దేరితే కుదరదండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఎన్నారై పేజీలో అమెరికాలో హంటింగ్ ట్రిప్ గురించి వచ్చిన వ్యాసం చదివాను. ఫోటోలు బాగున్నాయి, రాసిన తీరు కూడా సరదాగా ఉంది, కాదనను. కానీ నలుగురు ఫ్రెండ్స్, ఒక ట్రక్కు, ఒక లాంగ్ వీకెండ్ ఉంటే చాలన్నట్టు రాశారు చూశారా, అది చదివాక ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నా. ఎందుకంటే మనవాళ్ళు నిజంగానే అలా బయల్దేరుతున్నారు. ముందు ఆఫీసులో లీవ్ పెట్టేస్తారు, తర్వాత క్యాబిన్ బుక్ చేస్తారు, తర్వాత ఎవరి దగ్గర రైఫిల్ ఉందో ఆరా తీస్తారు, ఇంక రేపు పొద్దున్న ప్రయాణం అనగా వాట్సాప్ గ్రూపులో "అవునూ, లైసెన్స్ లాంటిదేమైనా కావాలా?" అని అడుగుతారు. ఈ వరస మొత్తం తలకిందులు. ముందు సీజన్ (ఏ జంతువుని ఎప్పుడు వేటాడొచ్చో రాష్ట్రం పెట్టే గడువు) తేదీలు, తర్వాత లైసెన్స్, తర్వాత స్థలం, లీవ్ అన్నిటికన్నా ఆఖర్న. నేను టెక్సస్‌లో ఉంటాను, చాలా ఏళ్ళుగా వేటకెళ్తున్నవాణ్ణి కాబట్టి ఆ వ్యాసంలో లేనివి కొన్ని చెప్తాను.

వేట మంచిదా చెడ్డదా అన్న వాదన ఇక్కడ పెట్టను, మా ఇంట్లోనే అది తెగలేదు.

అసలు సంగతేంటంటే అమెరికాలో వేటకి దేశం మొత్తానికీ కలిపి ఒకే రూలు ఉండదు. భూమి ఎవరిదైనా దానిమీద తిరిగే జింక మాత్రం ఆ రాష్ట్ర ప్రజలందరిదీ అని లెక్క, అందుకే రూల్స్ పెట్టేది రాష్ట్రం. టెక్సస్‌లో పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ డిపార్ట్‌మెంట్, పెన్సిల్వేనియాలో గేమ్ కమిషన్, అలా ఒక్కో చోట ఒక్కో పేరు. ప్రతి ఏడాదీ కొత్త తేదీలు వేస్తారు, పోయినేడాది తేదీలు గుర్తున్నాయి కదా అంటే పనికిరాదు. వైట్‌టెయిల్ జింకకి రైఫిల్ సీజన్ టెక్సస్‌లో నవంబర్ మొదటి శనివారం మొదలవుతుంది, మిషిగన్‌లో ఏ వారమైనా సరే నవంబర్ 15నే, విస్కాన్సిన్‌లో థ్యాంక్స్‌గివింగ్ (నవంబర్ నాలుగో గురువారం పండగ) ముందు శనివారం నుంచి తొమ్మిది రోజులు. పెన్సిల్వేనియాలో ఎన్నో దశాబ్దాలు థ్యాంక్స్‌గివింగ్ తర్వాత సోమవారం మొదలయ్యేది, స్కూళ్ళకి సెలవులు కూడా ఇచ్చేవాళ్ళు, 2019లో దాన్ని శనివారానికి మార్చారు. ఆదివారం వేట మీద కూడా అక్కడ పాతకాలపు నిషేధం ఉండేది, 2019 చట్టంతో ఏడాదికి మూడు ఆదివారాలు వదిలారు, 2025లో నిషేధమే ఎత్తేసి ఏ ఆదివారాలన్నది గేమ్ కమిషన్‌కి వదిలేశారు. కాబట్టి మిషిగన్‌లో ఉండే తోడల్లుడు చెప్పిన తేదీ పట్టుకుని ఇంకో రాష్ట్రంలో దిగితే అంతే సంగతులు. ఒకే రాష్ట్రంలో కూడా విల్లుతో అయితే ఒక సీజన్, రైఫిల్‌తో అయితే ఇంకోటి, నార్త్ జోన్ ఒకటి సౌత్ జోన్ ఒకటి. టెక్సస్‌లో గువ్వల సీజన్ నార్త్, సెంట్రల్ జోన్లలో సెప్టెంబర్ 1న తెరుస్తారు, సౌత్ జోన్‌లో ఇంకో రెండు వారాలు ఆగాలి.

కొలరాడోలో ఎల్క్ (పెద్ద జాతి దుప్పి) వేట అని మీ వ్యాసంలో రెండు లైన్లలో తేల్చేశారు. అది వీకెండ్ పని కాదండి, ఏడాది పని. బయటి రాష్ట్రంవాళ్ళకి చాలా యూనిట్లలో (వేట కోసం విడగొట్టిన ప్రాంతాల్లో) లైసెన్స్ డ్రాలోనే, అంటే లాటరీలోనే దొరుకుతుంది, ఆ దరఖాస్తు గడువు ఏప్రిల్ మొదట్లోనే అయిపోతుంది, వేట అక్టోబర్, నవంబర్లలో. డ్రాలో రాకపోతే తర్వాతి డ్రాలో ముందుకు జరిపే ప్రిఫరెన్స్ పాయింట్ ఒకటి వస్తుంది, మంచి యూనిట్ కోసం ఆ పాయింట్లు ఏళ్ళ తరబడి కూడబెట్టేవాళ్ళు ఉన్నారు. లైసెన్స్ ఎనిమిది వందల డాలర్ల చుట్టుపక్కల ఉంటుంది, హ్యాబిటాట్ స్టాంప్ (వన్యప్రాణుల ఆవాసాల కోసం కట్టే రుసుము) అదనం. రైఫిల్ సీజన్‌లో ఒంటిమీద కనీసం 500 చదరపు అంగుళాల మెరిసే (ఫ్లోరసెంట్) ఆరెంజ్ గానీ పింక్ గానీ ఉండాలి, తలమీద టోపీ కూడా అదే రంగు. మీ ఫోటోలో కుర్రాళ్ళు నల్ల జాకెట్లు వేస్కుని పోజులిచ్చారు, అది చూసి కొలరాడో వెళ్ళేవాళ్ళు అలాగే వెళ్తారేమోనని నా భయం. ఇంక వయోమింగ్ అయితే ఇంకో మెలిక, వైల్డర్‌నెస్ అని ప్రకటించిన అడవి ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వానిదే అయినా బయటి రాష్ట్రంవాళ్ళు అక్కడ పెద్ద జంతువుల్ని వేటాడాలంటే లైసెన్స్ ఉన్న గైడ్ గానీ అక్కడి స్థానికుడు గానీ పక్కన ఉండాల్సిందే.

టెక్సస్ సంగతి వేరు. ఇక్కడ డ్రా గొడవ పెద్దగా లేదు కానీ భూమి దాదాపు అంతా ప్రైవేటుదే, రాంచ్ యజమాని ఒప్పుకుంటేనో లీజు కడితేనో లోపలికి పోవాలి, లేదంటే 48 డాలర్ల పబ్లిక్ హంటింగ్ పర్మిట్ తీస్కుని వాళ్ళు చూపించిన చోటికి వెళ్ళాలి. కంచె లేదు కదా అని నడుచుకుంటూ పోతే కుదరదు, చెట్లకి ఊదారంగు నిలువుగీతలు కనిపిస్తే ఆగిపోండి, ఎనిమిది అంగుళాల పొడుగు, నేలనుంచి మూడడుగులు అయిదడుగుల మధ్య ఎత్తులో ఉంటాయి, చట్టం ప్రకారం అది నో ట్రెస్‌పాసింగ్ బోర్డుతో సమానం. లైసెన్స్ టెక్సస్‌లో కనీసం ఆర్నెల్లుగా ఉంటున్నవాళ్ళకి 25 డాలర్లు, బయటివాళ్ళకి 315. 48 డాలర్లకి అయిదు రోజుల స్పెషల్ లైసెన్స్ కూడా ఉంది కానీ దానితో జింక కుదరదు, ఆ మాట చూడకుండా కొనేవాళ్ళు చాలామంది. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళయితే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చెయ్యాలి, పదిహేడు నిండినవాళ్ళు ఆన్‌లైన్‌లోనే చేసేయొచ్చు, ఆ సర్టిఫికెట్ మిగతా రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది. ఈ కోర్సు మాత్రం ట్రిప్ ఉన్నా లేకపోయినా ముందే చేసి పెట్టుకోండని నేను అందరికీ చెప్తా.

కొమ్ముల రూలు కూడా ఒకటుంది. చాలా కౌంటీల్లో మగజింకకి రెండు కొమ్ముల మధ్య లోపలి వెడల్పు కనీసం 13 అంగుళాలుండాలి, లేదా ఒక కొమ్మైనా చీలికల్లేకుండా ఉండాలి. దూరం నుంచి టేపు పెట్టి కొలవలేం కదా, అందుకని చెవులు చూస్తారు. జింక అలర్ట్‌గా చెవులు రిక్కించి నిలబడితే ఈ చెవి కొస నుంచి ఆ చెవి కొసకి ఇంచుమించు 13 అంగుళాలుంటుంది, కొమ్ములు చెవుల్ని దాటి బయటికి ఉంటే సరే, లోపలే ఉంటే వేలు ట్రిగ్గర్ మీంచి తీసెయ్యాలి. దానికి తల మనవైపు తిప్పేదాకా ఆగాలి, పక్కనున్న ఫ్రెండు "కొట్రా కొట్రా" అంటూనే ఉంటాడు. కొట్టాక లైసెన్స్‌తో వచ్చే ట్యాగ్ (చీటీ) మీద నెల, తేదీ కోసి అక్కడికక్కడే జింకకి కట్టాలి, డిజిటల్ లైసెన్స్ అయితే యాప్‌లో అప్పుడే రిపోర్ట్ చెయ్యాలి, ముందు సెల్ఫీ తర్వాత ట్యాగ్ అనే అలవాటు మానుకోవాలి.

మొక్కజొన్న గురించి చెప్పకపోతే ఈ ఉత్తరమే దండగ. టెక్సస్‌లో ప్రైవేటు రాంచ్‌లో జింకల కోసం ఫీడర్ (మేత వేసే డబ్బా) పెట్టి మొక్కజొన్న చల్లడం చట్టబద్ధమే, అందరూ చేసేదే. అదే మొక్కజొన్న మీద గువ్వల్ని కొడితే ఫెడరల్ నేరం. గువ్వలు, బాతులు వలస పక్షులు, వాటికి 1918 నాటి వలస పక్షుల చట్టం ఉంది, రాష్ట్రం రూల్స్‌తో పాటు ఫెడరల్ రూల్స్ కూడా పడతాయి. గింజలు మొత్తం ఎత్తేసిన తర్వాత కూడా పదిరోజుల దాకా ఆ చోటు ఎర వేసిన చోటు కిందే లెక్క. చల్లింది నేను కాదు, రాంచ్ ఓనరు అంటే సరిపోదు, కాస్త జాగ్రత్తగా చూస్తే తెలిసేదే అయితే తెలిసినట్టే లెక్కగడతారు. అందుకని గువ్వల వేటకెళ్ళినప్పుడు తుపాకి తీసేముందు ఆ చుట్టుపక్కల నేలమీద గింజలేమైనా ఉన్నాయా అని నడిచి చూడండి, ఫీడర్ ఎక్కడుందో ఓనర్ని అడగండి. ఇంకా ఈ పక్షులకి షాట్‌గన్‌లో మూడు తూటాలకి మించి పట్టకుండా ప్లగ్ (అడ్డుముక్క) ఉండాలి, బాతులకైతే 16 నిండినవాళ్ళకి 25 డాలర్ల ఫెడరల్ డక్ స్టాంప్ (బాతుల వేటకి కేంద్రం అమ్మే అనుమతి) కావాలి, సీసం గుళ్ళు అసలు వాడకూడదు, 1991 నుంచి దేశమంతా అదే రూలు. వేళలు కూడా తేడానే, జింకకి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా టైముంటే పక్షులకి సూర్యాస్తమయంతోనే ఆపెయ్యాలి.

ఇప్పుడు మీ వ్యాసంలో అస్సలు లేని విషయం. హెచ్-1బి (ఉద్యోగం), హెచ్-4 (వాళ్ళ కుటుంబం), ఎఫ్-1 (చదువు) వీసాల మీద ఉన్న మనవాళ్ళకి ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకి గానీ తూటాలు గానీ దగ్గర ఉండకూడదు. కొనడం సంగతి పక్కన పెట్టండి, ఫ్రెండు రైఫిల్ చేతిలోకి తీస్కోవడం కూడా అందులోకే వస్తుంది. దీనికున్న మినహాయింపుల్లో మనవాళ్ళకి పనికొచ్చేది ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉండటం. అంటే వీళ్ళకి లైసెన్స్ అనేది వేట రోజుకి కావాల్సిన కాగితం కాదు, తుపాకి ముట్టుకోవడానికి ముందు కావాల్సిన కాగితం. ప్రాక్టీసుకి షూటింగ్ రేంజ్‌కి వెళ్ళినా అంతే. పైగా టెక్సస్ లైసెన్స్ ఏ నెలలో కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది. సొంత రైఫిల్ ఇంట్లో ఉన్న హెచ్-1బి మనిషి కొత్త లైసెన్స్ తీస్కోకపోతే సెప్టెంబర్ 1 నుంచి ఆ రైఫిల్ అల్మరాలో ఊరికే ఉన్నా నేరమే. కొత్త లైసెన్సులు ఆగస్టు మధ్య నుంచే అమ్ముతారు, ఆ రెండు వారాల్లో కొనేస్తే గొడవుండదు. ఈ నేరానికి 2022 నుంచి గరిష్ఠ శిక్ష పదిహేనేళ్ళకి పెంచారు, శిక్ష సంగతి అలా ఉంచినా తుపాకి కేసులో దోషి అని తేలితే దేశం నుంచి పంపించేయొచ్చు. గ్రీన్ కార్డు కోసం ఏళ్ళ తరబడి లైన్లో ఉన్న మనిషి ఒక్క ఫోటో కోసం ఇంత రిస్క్ తీస్కుంటాడా చెప్పండి. గ్రీన్ కార్డు వచ్చినవాళ్ళకి ఈ నిషేధం లేదు. విల్లు, బాణం ఫెడరల్ లెక్కలో తుపాకి కాదు కాబట్టి వీసా మీద ఉన్నవాళ్ళు ఆర్చరీ సీజన్‌తో మొదలుపెట్టడం నయం అని నా అభిప్రాయం, లైసెన్స్ దానికీ కావాలనుకోండి. అనుమానం ఉంటే ఇమ్మిగ్రేషన్ లాయర్ని అడగండి, గ్రూపులో అడగొద్దు.

ఇంటికి తెచ్చుకోవడం కూడా ప్లాన్‌లో భాగమే. జింకలకి, ఎల్క్‌లకి సీడబ్ల్యూడీ అనే మెదడు జబ్బు ఉంది, 1967లో కొలరాడోలో మొదట బయటపడింది, ఇప్పటిదాకా మనుషులకి అంటినట్టు తేలలేదు గానీ జబ్బు తేలిన జంతువు మాంసం తినొద్దని ఆరోగ్యశాఖ చెప్తుంది, పరీక్ష చేయించుకునే సదుపాయం ఉంది. దానివల్ల చాలా రాష్ట్రాల్లోకి మెదడు, వెన్నెముక ఉన్న కళేబరం తేనివ్వరు, ఎముకలు తీసిన మాంసం, శుభ్రం చేసిన పుర్రె ముక్కతో కొమ్ములు అయితే తేవొచ్చు. వేటాడిన రాష్ట్రంతో పాటు దారిలో తగిలే రాష్ట్రాల రూల్స్ కూడా చూస్కోవాలి, పెద్ద కూలర్లు ముందే కొనుక్కోవాలి. ఒక రాష్ట్రంలో రూలు తప్పి కొట్టింది ఇంకో రాష్ట్రానికి దాటించారా, అది 1900 నాటి లేసీ చట్టం కింద ఫెడరల్ కేసు. ఒకచోట లైసెన్స్ రద్దయితే మిగతాచోట్లా చెల్లకుండా పోవచ్చు, దాదాపు రాష్ట్రాలన్నీ అలా ఒప్పందం చేస్కున్నాయి.

ఇన్ని రూల్సా, డబ్బులు గుంజడానికే అని విసుక్కునేవాళ్ళకి ఒక మాట. లైసెన్స్ డబ్బు రాష్ట్రం వేరే పనులకి మళ్ళించకూడదు, 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం పెట్టిన షరతు అది. రైఫిళ్ళు, తూటాల మీద కంపెనీలు కట్టే 11 శాతం పన్ను కూడా ఆ చట్టం కిందే వన్యప్రాణుల పనికీ హంటర్ ఎడ్యుకేషన్‌కీ రాష్ట్రాలకి వెళ్తుంది. నాకైతే ఆ 25 డాలర్లు కట్టేటప్పుడు ఎప్పుడూ బాధనిపించలేదు.

సంపాదకులు గారూ, వీలైతే వీసా గురించి రాసిన పేరా ఒక్కటైనా ఆ పేజీలోనే కాస్త పెద్ద అక్షరాల్లో వెయ్యండి. ఉత్తరం మొత్తం వేస్తే మాత్రం మార్చిలోపు వెయ్యండి, ఏప్రిల్ దాటిందంటే కొలరాడో సంగతి తీసెయ్యండి, డ్రా గడువు అయిపోయాక అది చదివి ఎవరికీ ఉపయోగం లేదు.

ఇట్లు,
మీ పాఠకుడు,
టెక్సస్