కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం పడిన శ్రమలో సగానికి మించి మన సమావేశ మందిరానికే పోయింది. అందుకే నివేదికలోనూ దానికే ఎక్కువ చోటిస్తున్నాను. ఇంకుడు గుంతల పూడిక వానలకు ముందే తీయించాం. రక్తదాన శిబిరం, బతుకమ్మ, ఉగాది వేడుక ఎప్పటిలాగే జరిగాయి. ఆడిట్ అయిన జమాఖర్చులు విడిగా జత చేశాం, దయచేసి ప్రతి పేజీ చూడండి.

మందిరం గోడలు రాతివి. వాటి మీద సిమెంటు పూత వేయించిన ప్రతిసారీ రెండో వానాకాలానికల్లా ఉబ్బి పెచ్చులూడేది. రాతి సందుల్లో చేరిన చెమ్మను సిమెంటు బయటికి పోనివ్వదు, సున్నం పోనిస్తుంది. డంగు సున్నం వేయిద్దామన్నప్పుడు కొందరు సభ్యులు దాన్ని పాతకాలపు మోజు అన్నారు. మోజుతో చేసిన పని కాదిది. 1591 నాటి చార్మినార్‌ను నిలబెట్టింది రాయి, సున్నమే. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో మొదలైన పునరుద్ధరణలోనూ తర్వాతి కాలంలో వేసిన సిమెంటు పూతలను తొలగించి సున్నమే వాడారు. మరో మంచి కూడా ఉంది. సిమెంటు తయారీకి బట్టీలో సుమారు 1,450 డిగ్రీల వేడి కావాలి. సున్నపురాయి 900 డిగ్రీల దగ్గరే కాలుతుంది. పైగా సున్నం గోడ మీద గట్టిపడుతూ గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొంత తిరిగి పీల్చుకుంటుంది.

సున్నాన్ని మూడు వారాలు నానబెట్టి, ఇసుకతో కలిపి గానుగలో నూరించాం. కరక్కాయ, బెల్లం నానిన నీళ్లు పోశాం. తాపీమేస్త్రి ప్రతి ఉదయం తాపీ మీదికి ఒక ముద్ద తీసుకుని బోర్లించి చూసేవారు. జారకుండా అంటుకుని ఉంటేనే గోడకు పట్టించేవారు, లేదంటే మళ్లీ గానుగకే.

ఉత్తరపు గోడ దగ్గర పొరపాటు జరిగింది. ఒక పెళ్లికి మందిరం ఇస్తామని మాటిచ్చి ఉన్నాం కనుక, మొదటి పూత ఆరకముందే రెండోది వేయమని తొందరపెట్టాం. పది రోజుల్లో గోడంతా సన్నని పగుళ్లు. వద్దని మేస్త్రి చెబుతూనే ఉన్నారు. తప్పు పూర్తిగా కార్యవర్గానిదే. గీకించి మళ్లీ వేయించిన ఖర్చును వేరే పద్దుగా చూపించాం. ఆ తర్వాత మన కాలనీలోని ఇంజనీరింగ్ విద్యార్థులు చెమ్మ కొలిచే మీటరు తెచ్చారు. గోటితో గీరి మేస్త్రి చెప్పిన మాటనూ మీటరు చూపిన అంకెనూ రోజూ ఒకే పుస్తకంలో పక్కపక్కన రాశారు. రెండూ ఒకటే చెప్పిన రోజున రెండో పూత వేయించాం. ఆ గోడ ఇప్పటికి నిక్షేపంగా ఉంది. ఆ పుస్తకం కార్యాలయంలో ఉంది, ఇల్లు బాగుచేయించుకునేవారు తప్పక చూడండి.

నేలకు కొత్త పలకలు కొనలేదు. పాత షాబాద్ బండలనే పెకలించి, తిరగేసి పరిపించాం.

మందిరం వేదిక తెరల విషయంలో మోసపోబోయి బయటపడ్డాం. ఒక దుకాణంలో పోచంపల్లి ఇక్కత్ అని చూపిన గుడ్డను మా సభ్యురాలు ఒకరు తిరగేసి చూశారు. వెనకవైపు రంగు వెలవెలబోయి ఉంది. అది అచ్చు వేసిన గుడ్డ. ఇక్కత్‌లో నేతకు ముందే నూలుకు ముడులు కట్టి రంగు అద్దుతారు కాబట్టి రెండు వైపులా ఒకేలా ఉంటుంది, నమూనా అంచులు కాస్త చెదిరినట్టు కనిపిస్తాయి. కొనేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి.

ఆ వారమే బస్సు మాట్లాడుకుని పోచంపల్లి వెళ్లాం. అక్కడ ఆసు పోయడం, అంటే ముడులు కట్టే ముందు నూలును మేకుల చుట్టూ తిప్పి అమర్చడం, చూశాం. చేత్తో అయితే ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి ముందుకీ వెనక్కీ ఆడాలి. భుజం నొప్పితో బాధపడే తన తల్లి లక్ష్మి కోసం చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం చేశారు, దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం భుజం నొప్పిని మాత్రమే తీసేసింది. ముడి, రంగు, నేత చేతిలోనే ఉంచింది. కొత్త పరికరం ఏది తెచ్చినా ఇలాగే ఉండాలని నా గట్టి నమ్మకం.

మన తెరల నమూనాను కాలనీ అమ్మాయిలిద్దరు కంప్యూటర్‌లో గళ్ల మీద గీశారు. నేతన్న దాన్ని చాలాసేపు చూసి, "ఇంత సన్న గీతకు కట్టు నిలవదమ్మా, రెండు గళ్లు చేయండి" అన్నారు. అక్కడే కూర్చుని సరిచేశారు. ఇప్పుడు వేదిక వెనక వేలాడుతున్నది ఆ రెండు గళ్ల గీతే.

వేసవి సెలవుల్లో పిల్లలకు చేర్యాల ముఖాలు, అంటే చేర్యాల పద్ధతి మాస్కులు, చేయడం నేర్పించాం. చింతగింజలు నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, ఆ జిగురులో చెక్కపొట్టు కలపడం వరకు పిల్లలే చేశారు. ఎండిన ముఖాలు గుమ్మం పైన ఉన్నాయి.

ఇక మిగిలింది డాబా. 2023లో రాష్ట్ర ప్రభుత్వం కూల్ రూఫ్ (ఎండవేడిని తక్కువగా పట్టే పైకప్పు) విధానం ప్రకటించింది. మనకు రెండు దారులున్నాయి: తెల్ల పూత, లేదా విరిగిన తెల్ల పలకల ముక్కల పరుపు. మొదటిది చవక, కానీ కొన్నేళ్లకోసారి మళ్లీ వేయాలి. రెండోది బరువు, ఖర్చు కూడా ఎక్కువ. సర్వసభ్య సమావేశంలో ఓటు వేసి తేల్చాలి. రెండింటి నమూనాలనూ డాబా మీద పక్కపక్కనే వేయించాం. మధ్యాహ్నం రెండు గంటలప్పుడు పైకి వెళ్లి, ముందు మామూలు నేల మీద, తర్వాత ఆ రెండింటి మీద అరచెయ్యి ఆనించి చూసి, అప్పుడు ఓటుకు రండి.

కార్యదర్శి