బిడ్డ మీ ఊరికి వస్తున్నది

హన్మకొండ

దోస్తూ,

బాగున్నవా? చెల్లెకు మోకాళ్ల నొప్పులు తగ్గినయా? ఫోన్ల ముచ్చట రెండు నిమిషాలల్ల ఒడుస్తది, అందుకే రాస్తున్న. డిపోల నైట్ డ్యూటీ అయినంక చాయ తాగుకుంట కూసున్నట్టే అనుకుని చదువు.

బిడ్డకు కరీంనగర్ల నౌకరి వచ్చింది. సోమవారం చేరుతది. రూము మీ ఇంటికి దగ్గరనే. ఇరువై ఏడేండ్ల పిల్లను నీకు అప్పజెప్తున్న అనుకోకు, ఆమె పని ఆమె చేసుకుంటది. నా మనసే నిలుస్తలేదు.

2008 ఎండకాలం యాదికున్నదా? తొమ్మిదేండ్ల పిల్ల, చెంబులకు చెంబులు నీళ్లు తాగుడు, రాత్రి పదిసార్లు ఒంటికి లేసుడు. చూస్తుండంగనే బొక్కలు తేలినయి. మొదలు చూపించిన డాక్టరు కడుపుల పురుగులని మందిచ్చిండు. వారంల మత్తుల పడ్డది, ఊపిరి ఎగబోసుకుంట. పెద్ద దవాఖానల కాంటా మీద 17 కిలోలు తూగింది. షుగరన్నరు. గింత పిల్లకు షుగరేంది సారూ అని కొట్లాటకు పోయిన. ఇది టైప్ 1, ఒంట్లె రోగాన్ని ఆపే కణాలే ఎదురుతిరిగి, క్లోమంల ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపుతయి, తీపి తింటె వచ్చేది కాదు, మీ తప్పేం లేదు అన్నడు ఆ సారు. ఆ ఆఖరి మాట మీ చెల్లె చెవికెక్కలే. పాలల్ల చక్కెర ఎక్కువ పోసిన అని ఎన్ని రాత్రులు ఏడ్చిందో నాకే ఎరుక.

అప్పుడు మాకు ఫ్రిజ్ ఎక్కడిది? పెద్ద కుండల ఇసుక పోసి, నడుమ చిన్న కుండ పెట్టి, దాంట్ల డబ్బాల ఇన్సులిన్ బుడ్డి. పొద్దున మాపున ఇసుక మీద నీళ్లు చల్లుడు. ఓరుగల్లు ఎండ నీకు తెల్వనిదా, అయినా బుడ్డి సల్లగనే ఉండేది. సూది ఏసుడు నేర్చుకోవాలె అంటే నారింజ పండు మీద నాలుగు రోజులు గుచ్చిన. పండు మీద చెయ్యి మంచిగనే ఆడింది, బిడ్డ మీదికి వచ్చేసరికి వణికింది. అది నా మొఖం చూసి, "బాపూ, ఇటియ్యి" అని సూది గుంజుకొని, కడుపు మీది తోలు రెండేళ్లతోని పట్టి, తనే ఏసుకున్నది. కండ్లు మూసుకున్నది నేను.

పిల్ల బతికితే ఎత్తు బంగారం ఇస్తం తల్లీ అని మీ చెల్లె సమ్మక్కకు మొక్కింది, ఆడ బెల్లాన్నే బంగారమంటరు గద. 2014 జాతరకు పోయినం. తక్కెట్ల ఒకదిక్కు బిడ్డ, ఒకదిక్కు బెల్లం. 41 కిలోలు. ఒక్కొక్క ముద్ద పెడుతుంటె, దోస్తూ, నాకు ఆ 17 యాదికొచ్చి గొంతు పూడుకపోయింది.

మొక్కు చెల్లించినంక జంపన్న వాగు దిక్కు నడుస్తుంటె పిల్ల ఊకె చిరాకు పడ్డది, మొఖం నిండ చెమట, మాట తడబడ్డది. పొద్దున సూది ఏసుకున్నది, జనంల బువ్వ ఆలస్యమైంది, నడక ఎక్కువైంది. మిషన్ల చూస్తే షుగరు 48కి పడిపోయింది. మీ చెల్లె కొంగుల కట్టుకున్న బంగారం ముక్క తీసి నోట్లె పెట్టింది. "షుగరున్న పిల్లకు బెల్లమా!" అని పక్కన ఒక ముసలవ్వ మొత్తుకున్నది. పావుగంటకు 86. "అవ్వా, ఇయ్యాల ఇదే నాకు మందు" అని బిడ్డ నవ్వింది. ఇన్నేండ్లు ఇంట్ల దాచిపెట్టిన తీపే ఆ పూట పాణం కాపాడింది.

గందుకే రాస్తున్న. మీ ఇంటికి వచ్చినప్పుడు ఏం తినాల్నో చెప్పకు, సకినాలు ఎన్ని తినాల్నో ఆమెకే ఎరుక, దానికి తగ్గట్టు సూది ఏసుకుంటది. "పాపం" అనొద్దని చెల్లెకు చెప్పు, ఆ మాటకు బిడ్డ మొఖం మాడుతది. ఎప్పుడన్న ఉత్తపుణ్యానికి కోపం చేసినా, చెమటలు పట్టినా అడుగుకుంట కూసోకు, మూడు చెంచాల చక్కెర నీళ్లల్ల కలిపి ఇయ్యి, పావుగంట ఆగి మల్ల చూడుమను. తెలివి తప్పితె మాత్రం నోట్లె ఏం పొయ్యొద్దు, పక్కకు ఒరిగించి దవాఖానకు ఉరుకు.

ఇవన్నీ నీకు రాసిన అని ఆమెకు చెప్పకు, నా మీద లేస్తది. ఇంట్ల బెల్లం మాత్రం ఒడవనియ్యకు.

నీ దోస్తు