మా ఆయన పాదం ఒళ్లో పెట్టుకున్న పెద్దమ్మకి

నిన్న మా ఆయన్ని ఇంటికి తీసుకొచ్చాం. వాకర్ పట్టుకుని బాత్రూమ్ దాకా తనే నడిచాడు. నాకు కూర్చునే ఓపిక కూడా లేదు, కానీ ఇది రాయకుండా నిద్ర పట్టేలా లేదు.

ఆయనది చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ పని. నడుం నొప్పి ఏళ్లుగా ఉన్నదే. ఈసారి ఎడమ కాలంతా లాగేసింది. నడుం కింది భాగంలో ఎల్4, ఎల్5 అనే రెండు వెన్నెముక ఎముకల మధ్య మెత్తలా ఉండే డిస్కు అరిగి, బయటికి జారి నరాన్ని నొక్కుతోందని ఎమ్మారైలో వచ్చింది. నెల్లూరులో ఓ క్లినిక్‌కి వెళ్తే, ఆపరేషన్ అక్కర్లేదు, గ్రోత్ ఫ్యాక్టర్ ఇంజెక్షన్లతో డిస్కు మళ్లీ పెరుగుతుందన్నారు. డబ్బు మొత్తం ముందే కట్టాలట. గాజులు తాకట్టు పెడదామని లేచాను.

పక్కన ఓ పెద్దావిడ, మోకాళ్ల నొప్పులకి వచ్చినట్టుంది, నా చెయ్యి పట్టుకుని ఆపింది. "అమ్మణ్ణీ, నీ మొగుడు చెప్పు ఈడుస్తా నడుస్తన్నాడు, ఎన్నాళ్ల నించి?" అంది. రిటైరైన నర్సట. ఆ మోకాళ్లతోనే కింద కూర్చుని ఆయన పాదం ఒళ్లో పెట్టుకుంది. తడిలో పనిచేసీ చేసీ పగిలిన మడమలు, పగుళ్లలో రాతి పొడి. చెప్పు నేను తీస్తానన్నా వినలేదు. బొటనవేలి మీద తన వేలు ఆనించి "పైకి లేపు నాయనా" అంది. లేవలేదు. లోపల ఒక్కరూ ఆ వేలు ముట్టుకుని చూడలేదు. అక్కడే ఏడ్చేశాను.

"నరం నలిగిపోతోంది, ఇయాళే సర్జన్‌కి చూపించాలి" అని తన టోకెన్ వదిలేసి మాతోపాటు ఆటో ఎక్కింది. ఒంటికి పోవడం ఇబ్బందిగా ఉందా, తొడల మధ్య తిమ్మిరి ఉందా అని దారంతా ఆయన్ని అడుగుతూనే ఉంది. డాక్టరు లోపలికి పిలిచేదాకా కదల్లేదు.

ఆపరేషన్ చేసిన డాక్టరుగారు తర్వాత విడమరిచి చెప్పారు. గ్రోత్ ఫ్యాక్టర్లు అబద్ధం కాదు. కణాలకి పెరగమని చెప్పే ప్రోటీన్లవి, వాటిని కనుక్కున్నందుకు 1986లో నోబెల్ కూడా ఇచ్చారు. కుందేళ్ల డిస్కుల్లో జీడీఎఫ్-5 అనే గ్రోత్ ఫ్యాక్టర్ లాంటివి ఎక్కిస్తే డిస్కు ఎత్తు కొంత తిరిగొచ్చిందట. కానీ పెద్దవాళ్ల డిస్కుకి రక్తనాళాలు దాదాపు ఉండవు. పైనా కిందా ఉన్న ఎముకల్లోంచి ఊరే పోషకాలే దిక్కు. అరిగిన డిస్కులో కణాలే తక్కువ, ఉన్నవాటికీ తిండి చాలదు. పైగా నరం మీద పడ్డ ముక్కని ఏ ఇంజెక్షనూ అప్పటికప్పుడు తీసెయ్యలేదు. మాకు వేస్తామన్నది మన రక్తంలోంచే తీసే, ఈ గ్రోత్ ఫ్యాక్టర్లుండే ప్లేట్‌లెట్ల ద్రవం. ఇంకా పరిశోధనలో ఉన్నదాన్ని ఖాయమైన వైద్యంలా అమ్ముతుంటే అడిగేవాళ్లు లేరా? ఇటు ఆరోగ్య పథకం కార్డులో పేరుకి, ఆధార్‌లో పేరుకి ఒక్క అక్షరం తేడా అని అనుమతి ఆపేశారు. వేలు లేవని మనిషిని పెట్టుకుని అక్షరం దిద్దించడానికి కౌంటర్ల చుట్టూ తిరిగాను.

మా అత్తమ్మ, తమ్ముడు వెంటే ఉన్నారు, వాళ్లకి వేరే చెప్పేదేముంది.

పెద్దమ్మా, ఆ కంగారులో మీ పేరైనా అడగలేదు. మీది కావలి అన్నది మాత్రం గుర్తుంది. కావలి వాళ్లెవరైనా ఇది ఆమెకి చూపించండి. బొటనవేలు కొంచెం కదులుతోందని చెప్పండి.

అయ్యో, డబ్బు తీసుకోని ఆటో అన్నని మర్చిపోయాను. చందాలేసుకున్న పాలిషింగ్ వాళ్లకి, రాత్రి ఫ్లాస్కులో పాలు తెచ్చిచ్చిన పక్క బెడ్ అక్కకి, కార్డు పేరు దిద్దించిన సచివాలయం అమ్మాయికి కూడా దణ్ణాలు.