నగల జాబితాపై సంతకాలు పెట్టించాలి

సంపాదకులకు,

పెళ్లికి ముందు వధూవరులు ఆస్తిపాస్తుల గురించి ఒప్పందం రాసుకోవడం నగరాల్లోని సంపన్నుల వ్యవహారమని చాలామంది భావిస్తున్నారు. మా శ్రీకాకుళం జిల్లా ఆడపిల్లలకే ఆ కాగితం ఎక్కువ అవసరమని నా అభిప్రాయం.

ఉద్దానం, టెక్కలి ప్రాంతాల నుంచి ఎందరో యువకులు గల్ఫ్ దేశాలకు పనికి వెళ్తారు. ఏజెంటుకు కట్టాల్సిన డబ్బు కోసం తరచుగా తాకట్టుకు వెళ్లేవి కొత్త కోడలి నగలే. అవి ఎవరు పెట్టినవని అప్పుడెవరూ అడగరు. కాపురం చెడి పెద్దమనుషుల ముందు కూర్చున్ననాడు మాత్రం మొదట వచ్చేది ఆ ప్రశ్నే, రుజువుగా చూపడానికి ఆ అమ్మాయి దగ్గర పెళ్లి ఫొటోలు తప్ప మరేమీ ఉండవు. పసుపుకుంకుమల కింద ఇస్తామన్న పొలం కూడా రిజిస్ట్రేషన్ లేక మాటగానే మిగిలిపోతోంది.

గోవాలో పోర్చుగీసు కాలపు పౌరస్మృతి ప్రకారం పెళ్లికి ముందే ఆస్తుల ఒప్పందం చేసుకోవచ్చు. మనకు అటువంటి చట్టం లేదు. ప్రజాహితానికి విరుద్ధమైన ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ చెబుతోంది గనుక, భరణం అడగనని ముందుగా రాయించుకున్న కాగితం కోర్టులో నిలవడం కష్టం. నిలవకపోవడమే న్యాయం కూడా. నేను కోరేది ఏది ఎవరిదో తేల్చి చెప్పే కాగితం మాత్రమే.

దానికి దారి ఇదివరకే ఉంది. వరకట్న నిషేధ చట్టం కింద 1985లో చేసిన నిబంధనల ప్రకారం, పెళ్లిలో వచ్చిన ప్రతి కానుకనూ, దాని సుమారు విలువనూ, ఇచ్చినవారి పేరునూ, బంధుత్వాన్నీ జాబితాగా రాసి వధూవరులిద్దరూ సంతకాలు చేయాలి. స్త్రీధనం పూర్తిగా భార్యదేనని అదే ఏడాది ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయినా ఆ జాబితా రాసిన పెళ్లి మా చుట్టుపక్కల నేను చూడలేదు. జాబితా రాస్తే కట్నాన్ని ఒప్పుకున్నట్టేనని కొందరి అభ్యంతరం. అడిగి పుచ్చుకున్నది ఏ జాబితాలో రాసినా కట్నమే, నేరమే. శుభమా అని పెళ్లి చేస్తూ అపనమ్మకపు రాతలెందుకని పెద్దలు అంటారు. ఇచ్చిపుచ్చుకోవడాలను తులాలతో సహా బేరమాడే పెద్దలకు, కుదిరిన మాటను కాగితం మీద పెట్టడం మాత్రమే అశుభమెలా అవుతుంది?

2002 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం వివాహ నమోదు తప్పనిసరి. నమోదుకు వచ్చిన జంటను అధికారులు ఈ జాబితా కూడా అడిగి, ముద్ర వేసిన ప్రతిని వధువు చేతికి ఇచ్చేలా ప్రభుత్వం ఆదేశాలు జారీ చేయాలని కోరుతున్నాను.

ఒక పాఠకురాలు,
పలాస, శ్రీకాకుళం జిల్లా