పిచ్చుకలు ఎగిరాకే మిగతా పని

కోవెంట్రీ, ఇంగ్లండ్,
మే 18

నాన్నగారికి, అమ్మకి నమస్కారాలు.

ఫోన్లో సరిగ్గా వినపడక "ఇల్లు కూలిందా" అని అమ్మని పదిసార్లు అడిగారట. కూలలేదు నాన్నగారూ. కప్పు పక్క అంచున పెంకుల కింద పెట్టిన సిమెంటు మాలు రాలింది, అంతే. కొబ్బరితోట అమ్మి మీరిచ్చిన డబ్బు ఎక్కడికీ పోలేదు.

మనింటికి నాలుగు పక్కలా చూరు దిగుతుంది కదా, ఈ ఇంటికి ముందూ వెనకే. పక్కగోడ కొప్పు దాకా త్రికోణంలా లేస్తుంది. దాని మీదికొచ్చిన పెంకుల అంచుని మాలుతో మూసేశారు, 1970ల్లో. పగుళ్లలోకి దిగిన నీళ్లు చలికాలం రాత్రుళ్లు గడ్డకట్టి ఉబ్బుతాయి, పగలు కరుగుతాయి. ఇన్నేళ్లూ అదే వరస. గానుగ సున్నమైతే నిలిచేదంటారు మీరు. మన సున్నం మంచు మొహం ఎప్పుడు చూసిందని!

ఫిబ్రవరి గాలికి పిడికెడంత పెళ్ల పక్కింటివాళ్ల కారు పక్కనే పడింది. ఆ రాత్రి నిద్రపోలేదు, అది మాత్రం నిజం.

కప్పు పనివాడు వచ్చి చూశాడు. మళ్లీ మాలే పెడితే మూడు పాళ్లు ఇసక, ఒక పాలు సిమెంటు. పైగా పెంకుల్ని మేకులతోనో క్లిప్పులతోనో పట్టించాలట. 2015 నుంచి ఇక్కడి పెంకుల కప్పుల పనికి పెట్టిన బీఎస్ 5534 ప్రమాణం మాలు ఒక్కదాన్నే నమ్ముకుంటే ఒప్పుకోదు. లేదంటే మాలే లేకుండా, అంచు పొడుగునా ఒకదాన్నొకటి పట్టుకునే ప్లాస్టిక్ తొడుగులు. "ప్లాస్టిక్కా!" అంటున్నారు కదూ? దానికే ఒప్పుకున్నాం. పరంజా కట్టి ముందు వాలు పూర్తిచేశాడు. ఎంతైందో మాత్రం రాయను.

వెనక వాలు ఆగింది. పెంకు కింద సందులో పిచ్చుకలు గూడు పెట్టాయి. అవి ఉండగా గూడు పాడుచేస్తే 1981 నాటి చట్టం ప్రకారం నేరం. మీ అల్లుడుగారు విసుక్కుంటున్నారు. నాకు మాత్రం పొద్దున్నే ఆ కిచకిచలు వింటే చూరుకి మీరు వేలాడదీసే వరి కుచ్చే గుర్తొస్తుంది. ఆ సంగతి చెబితే బుజ్జిది మాకరోనీ దారానికి గుచ్చి కిటికీకి కట్టింది. ఒక్క పిచ్చుకా ముట్టలేదు.

ఈలోపు వాన దిగదా అని అడక్కండి. అటక ఎక్కి టార్చి వేసి చూశాం, పొడిగానే ఉంది. ఆగస్టు దాటాక మిగతాది చేస్తాడు.

ఉద్యోగం బాగానే ఉంది. అమ్మా, ఆవకాయ సీసా అడుగు కనపడుతోంది. మోకాళ్లకి మందు రాస్తున్నావా?

నాన్నగారూ, మన వంటింటి కొప్పు మీద సున్నం పెచ్చులూడిందట. నాకెందుకు చెప్పలేదు? ఇక్కడి పెళ్ల గురించి పదిసార్లు అడిగారే! తొలకరి లోపు మేస్త్రిని పిలిపించండి, డబ్బు పంపుతాను. నిచ్చెన మాత్రం మీరు ఎక్కకండి.

మీ
చిట్టి