రెచ్చగొట్టినవాడిని వదిలేస్తే ఎలా?

సంపాదకులు గారికి,

సంక్రాంతి టోర్నీలకు కమిటీలు చందాలు మొదలుపెట్టాయి కాబట్టి ఈ మాట ఇప్పుడే రాస్తున్నాను. మా కావలి చుట్టుపక్కల ఊళ్లలో టెన్నిస్ బాల్ క్రికెట్ జరిగితే ఎక్కడో ఒకచోట గొడవ తప్పడం లేదు. బౌలర్ అమ్మను తిడతాడు, బ్యాటింగ్ చేసేవాడు వికెట్ పీకి మీదికి పోతాడు, కమిటీవాళ్లు మధ్యలో దూరి వికెట్ పీకినవాణ్ణి బయటికి పంపేస్తారు, తిట్టినవాడు మాత్రం బాల్ తుడుచుకుంటూ మిగతా ఓవర్ వేస్తాడు. ఇదేం న్యాయమండీ?

పైగా ఆటన్నాక రోషం ఉండాలి, బయటి దేశాల్లో మాత్రం కొట్టుకోరా అని పెద్దవాళ్లే వెనకేసుకొస్తున్నారు, నాకు అసలు బాధ అక్కడే. ఉత్తర అమెరికాలో ఎన్‌హెచ్‌ఎల్ అనే ఐస్ హాకీ లీగ్‌లో గ్లవ్స్ పడేసి గుద్దుకోవడం నిజమే, కానీ రిఫరీలు పక్కనే ఉంటారు, కింద పడగానే విడదీస్తారు, మామూలుగా ఇద్దరినీ చెరో 5 నిమిషాలు బయట కూర్చోబెడతారు. మా ఊరి గ్రౌండ్‌లో విడదీసేది ఎవరు?

బేస్‌బాల్‌లో మావాడి మీదికి బాల్ విసిరితే మీవాడి మీదికి విసురుతాం అనేది పాత ఆనవాయితీ. 1965 ఆగస్టులో శాన్‌ఫ్రాన్సిస్కోలో అలాగే మొదలై, తన చెవి పక్కనుంచి బాల్ విసిరాడన్న కోపంతో బ్యాటింగ్ చేస్తున్న జెయింట్స్ జట్టు పిచర్ (మన బౌలర్ లాంటివాడు) హువాన్ మారిచాల్ డాడ్జర్స్ జట్టు క్యాచర్ (మన కీపర్ లాంటివాడు) జాన్ రోజ్‌బరో తలమీద బ్యాట్‌తో కొట్టాడు, 14 కుట్లు పడ్డాయి. మారిచాల్‌ను సస్పెండ్ చేశారు, జెయింట్స్‌కి అతనే పెద్ద దిక్కు, ఆ ఏడాది లీగ్ టైటిల్‌ను వాళ్లు రెండంటే రెండు మ్యాచ్‌ల తేడాతో అదే డాడ్జర్స్‌కి వదులుకున్నారు.

2006 ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్లో ఫ్రాన్స్ ఆటగాడు జిదాన్ ఇటలీ ఆటగాడు మాటెరాజీని తలతో గుద్దింది అందరికీ గుర్తుంది, కానీ తర్వాత ఫిఫా అతన్ని 3 మ్యాచ్‌లు సస్పెండ్ చేస్తూ, నోరు జారిన మాటెరాజీని కూడా 2 మ్యాచ్‌లు సస్పెండ్ చేసిందని మనవాళ్లలో ఎంతమందికి తెలుసు? కాకపోతే ఆ శిక్ష పడేసరికి కప్పు ఇటలీకి వెళ్లిపోయింది, ఆ మాటెరాజీ షూటౌట్‌లో గోల్ కూడా కొట్టాడు. శిక్ష గ్రౌండ్‌లోనే, అప్పటికప్పుడే పడాలని నేననేది అందుకే.

కొత్తగా ఏమీ కనిపెట్టక్కర్లేదు. 2017 అక్టోబర్ నుంచి క్రికెట్ నియమాల్లోనే ఉంది, బూతులు తిడితే ఆ టీమ్‌కి మొదట వార్నింగ్, మళ్లీ అయితే అవతలి టీమ్‌కి 5 పరుగులు, చెయ్యి చేసుకుంటే మ్యాచ్ అయ్యేదాకా గ్రౌండ్ బయటే. కబడ్డీలో ఆకుపచ్చ కార్డు, పసుపు కార్డు టీవీలో చూసి మన పిల్లలకు బాగా తెలుసు, పసుపు పడితే 2 నిమిషాలు మనిషి తక్కువతో ఆడాలి, ఆ టెన్షన్ చాలు నోళ్లు అదుపులో ఉండటానికి.

ప్రతి కమిటీ టాస్‌కి ముందే మైకులో ఈ 5 పరుగుల సంగతి చెప్పాలి. ఎంపైర్లను ఆడే రెండు ఊళ్లూ కాని చోటు నుంచి పిలవాలి. ఎంపైర్ వేసిన శిక్షను సాయంత్రం పెద్దమనుషులు కూర్చుని పోనీలే అని తీసేయకూడదు, అలా తీసేసిన ఊళ్లోనే మరుసటి ఏడాది మళ్లీ గొడవ అవుతోంది.

— ఒక క్రీడాభిమాని, కావలి, నెల్లూరు జిల్లా