2024-25 వార్షిక నివేదిక: కాలనీ కాలువ, లెంబే బురద

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం పని చాలావరకు బురద చుట్టూనే తిరిగింది. వానలకు ముందే కాలువల్లో పూడిక తీయించాం. రెండో వీధి చివర పగిలిన మూత మాత్రం ఇంకా మార్చలేదు, ఆ ఆలస్యం నాదే. జమాఖర్చుల పుస్తకం సంఘం గదిలో ఉంది, ఎవరైనా చూసుకోవచ్చు.

ఇక రెండో బురద. మన సభ్యులొకరి కూతురు ఇండోనేషియాలోని లెంబే జలసంధిలో మక్ డైవింగ్ చేసి వచ్చింది. ఆ ఫోటోలు మన హాల్లో చూపించమన్నాం. అనుకున్న తేదీ తీరా చూస్తే గరుడసేవ రోజు! తిరుపతిలో ఆ రోజు బండి బయటికి తీయగలమా? వారం వాయిదా వేశాం.

పగడాల అందం కోసం కాకుండా, బురదా ఇసుకా ఉన్న అడుగున చిన్న జీవుల్ని వెతకడమే మక్ డైవింగ్. లెంబేలో అడుగున నల్లటి అగ్నిపర్వత ఇసుక. దాగడానికి చోటు తక్కువ, అందుకే అక్కడ వేషాలు ఎక్కువ. 1998లో సులవేసి దగ్గర బయటపడ్డ మిమిక్ ఆక్టోపస్ చేతులన్నీ వెనక్కి చేర్చి చదునుగా ఈదితే అడుగున పాకే బల్లపరుపు చేపలా ఉంటుంది. చేతులు విప్పితే విషపు ముళ్ల లయన్‌ఫిష్. ఆరు చేతులు బొరియలో దాచి రెండే చాపితే సముద్రపు పాము. "అచ్చం పగటివేషగాడే" అన్నారు ముందు వరసలోని పెద్దావిడ.

పిగ్మీ సీహార్స్ అంటే గుర్రం తలలాంటి తల ఉన్న బుల్లి చేప, రెండు సెంటీమీటర్లు. 1969లో న్యూ కలెడోనియాలో ఒక పరిశోధకుడు విసనకర్రలాంటి పగడాన్ని తెచ్చి పరీక్షిస్తుంటే, దానికి అంటుకుని ఉన్న ఇది కనబడిందట. సీహార్సుల్లో గర్భం మోసేది మగది అనగానే ఆడవాళ్ల వైపు నుంచి చప్పట్లు. నీలి ఉంగరాల ఆక్టోపస్ ఎంత ముద్దుగా ఉన్నా దాని విషానికి విరుగుడు లేదని తెలిశాక పిల్లల హుషారు కాస్త తగ్గింది.

అందరికీ నచ్చింది మాత్రం టెంకాయ చిప్పలు మోసుకు తిరిగే ఆక్టోపస్. భయమేస్తే రెండు చిప్పల మధ్య దూరి మూసుకుంటుంది. పారేసిన సీసాల్లో, డబ్బాల్లో కూడా అక్కడి జీవులు కాపురం పెడతాయి. దీన్ని సాకుగా చూపి మన కాలువలో సీసాలు వేయకండి. పూడికలో దొరికినవి సీసాలే, ఆక్టోపస్ ఒక్కటీ లేదు.

వచ్చే చలికాలం పిల్లల్ని పులికాట్‌కు తీసుకెళ్లాలని ఉంది. వచ్చేవాళ్లు ముందుగా పేర్లివ్వండి, బస్సు మాట్లాడాలి.

ఇట్లు,
కార్యదర్శి